కొంకిపురుగు: పదిలక్షల డాలర్ల ధర్మము

చెరువు త్రవ్వించుట యొక ధర్మము. త్రవ్విన చెరువునకు ఏటేట కట్ట తెగకుండ చూచు నేర్పాటు చేయుట మరియొక ధర్మము. మొదటిదానికి కీర్తి యెక్కువ; రెండవది లేనిచో మొదటిది కొన్నియేండ్లకు బురదగుంట యగును. ఈ సంగతి మన పూర్వు లెరుగనిది కాదు. రాయలసీమలోని దశబంధపు మాన్యములు చెరువుల సంరక్షణకొరకు పుట్టినవే. కావున ధర్మధనమును గూర్చి విచారించునపుడు, ఎంత యిచ్చిరి యను ప్రశ్నకంటె, ఇచ్చినవారు వెడలిపోయిన తరువాత ఆ పని చేయుటకు ఎవరు మిగిలిరి యను ప్రశ్నయే ముఖ్యమని మా యభిప్రాయము. ఈ దృష్టితో, ప్రజారోగ్యముకొరకు ధనికులు నెలకొల్పిన నిధుల చరిత్రలో తొలినాటి కథ నొకదానిని చదువరుల ముందుంచుచున్నాము. అది 1909లో అమెరికా దక్షిణ రాష్ట్రములలో ప్రారంభమై, సముద్రములు దాటి, మన మదరాసు రాజధానికిని వచ్చినది. ఆ కథకు కారణభూతమైనది ఒక పురుగు.

కొంకిపురుగు అరంగుళమునకు మించని పొడవు గలది. చూచుటకు తెల్లని దారపుముక్క వలె నుండును. రోగి మలముతో దాని గ్రుడ్లు నేలమీద పడును. నేల వెచ్చగను చెమ్మగను ఉండి, పైని నీడ యున్నయెడల, కొన్ని దినములలో పిల్లపురుగులు పుట్టి మంటిలో కాచుకొని యుండును. చెప్పులులేని పాదము తగిలినంతనే చర్మమును దొలుచుకొని లోనికి పోవును. అక్కడనుండి రక్తముతో ఊపిరితిత్తులకు, ఊపిరితిత్తులనుండి గొంతునకు, గొంతునుండి మ్రింగుడుతో ప్రేగులకు చేరి, ప్రేగుగోడను కరచుకొని రక్తము త్రాగుచు ఏండ్ల తరబడి బ్రదుకును. పురుగు చర్మముగుండ ప్రవేశించు నన్న సంగతిని కైరోలో నున్న లూస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, పిల్లపురుగు లున్న నీరు పొరపాటున తన చేతిమీద పడుటవలన, 1898లో కనిపెట్టెను.

ఒకటి రెండు పురుగులున్న మనుష్యునకు ఏమియు తెలియదు. వందలకొలది చేరినప్పుడే ముప్పు. ముఖము పాలిపోవును, ఆయాసము వచ్చును, పిల్లలు ఎదుగరు, బడిలో పాఠము తల కెక్కదు. కొందరు మన్ను తినుటకు అలవాటుపడుదురు. అట్టి పిల్లవానిని మందమతి యనియు, అట్టి కూలివానిని సోమరి యనియు లోకము పిలుచును. ఏ దేశమునందైనను బీదవానికి ఈ రెండు బిరుదులును చులకనగా దొరకును.

అమెరికాలో ఈ రోగము ఎంతగా వ్యాపించి యున్నదో ఎలుగెత్తి చెప్పినవాడు చార్లెస్ వార్డెల్ స్టైల్స్ అను జంతుశాస్త్రజ్ఞుడు. అతడు జర్మనీలో చదివి వచ్చినవాడు. 1902లో, అమెరికాలోని కొంకిపురుగు ఐరోపాలో తెలిసినదానికంటె భిన్నమైన జాతి యని నిరూపించి, దక్షిణ రాష్ట్రముల పల్లెలలో పాలిపోయిన ముఖములతో తిరుగువారి వ్యాధి యిదియే యని ప్రకటించెను. న్యూయార్కు పత్రికవా రొకరు దానికి సోమరితనపు క్రిమి యని పేరు పెట్టిరి. ఆ పేరు విని ఉత్తరదేశము నవ్వెను, దక్షిణదేశము కోపించెను. రోగమునకు మందు కనుగొనుటకు ముందే దానికి వెక్కిరింపుపేరు కనుగొనుట పత్రికలకు నాడే అలవాటు. స్టైల్సు చేసిన పనిలోను దోషము లేకపోలేదు. ఆ పురుగు ఆఫ్రికానుండి బానిసలతో వచ్చినదని చెప్పుచు, తెల్లవారి రోగమునకు నల్లవారే మూలమన్నట్లు అతడు వ్రాసెను. గొలుసులతో కట్టి ఓడలలో తెచ్చినవారిని విడిచి, తేబడినవారిమీద నిందమోపుట న్యాయము కాదు.

ఇక్కడ నొక సంగతి మరువరాదు. ఈ పురుగుమీద గొప్ప యుద్ధమును మొదట సాగించినది ధనికుని ధర్మము కాదు, ప్రభుత్వధనము. 1899లో పెనుగాలి చెలరేగి పోర్టోరికో ద్వీపము పాడైనప్పుడు, అక్కడ సేనావైద్యుడుగా నున్న బెయిలీ యాష్‌ఫర్డు, శిబిరమునకు వచ్చిన దిక్కులేని ప్రజలు ఆకలిచేత మాత్రమే పాలిపోలేదనియు, వారి ప్రేగులలో కొంకిపురుగు లున్నవనియు కనుగొనెను. 1904 మొదలు ఆ ద్వీపపు ప్రభుత్వము పల్లెపల్లెకు వైద్యశాలల నేర్పరచి లక్షలకొలది జనులకు మందిచ్చెను. తరువాత వచ్చిన గొప్ప దాతలకు దారి చూపినది ఈ చిన్న ద్వీపమే. దాతల చరిత్రలు వ్రాయువారు దీనిని ఒక్క వాక్యములో ముగింతురు.

1908లో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు పల్లెల స్థితిని విచారించుటకొక సంఘము నియమించెను. ఆ సంఘముతో స్టైల్సు రైలులో పోవుచుండగా, ఒక స్టేషనువద్ద పాలిపోయి, ఒడలు చిక్కి, నిలువలేక నిలిచియున్న యొక మనుష్యుడు కనబడెను. సంఘసభ్యుడైన వాల్టరు పేజి అతనిని చూచి విచారపడగా, అర డాలరు మందుతో అతనిని పనిచేయదగిన మనుష్యునిగా చేయవచ్చునని స్టైల్సు చెప్పెనట. పేజి పత్రికాసంపాదకుడు, ధనికుల పరిచయము గలవాడు. మాట అతనినుండి వాలెసు బట్రికునకు, అతనినుండి జాన్ డి. రాక్‌ఫెల్లరునకు ఆలోచన చెప్పు ఫ్రెడరికు గేట్సునకు పోయెను. 1909 అక్టోబరు 26వ తేదీన, అయిదు సంవత్సరములలో ఖర్చుచేయుటకు 10 లక్షల డాలర్లు ఇయ్యబడెను. ఏర్పడిన సంఘమునకు కొంకిపురుగురోగమును నిర్మూలించు రాక్‌ఫెల్లరు పారిశుద్ధ్యసంఘ మని పేరు.

ఆ ధనము ఎక్కడిదో అందరకు తెలియును. కిరసనాయిలు వర్తకమును ఒక్క చేతిలోనికి తెచ్చుకొని, పోటీవర్తకులను అణచి కూర్చిన ధనము అది. 1911లో ఆ దేశపు ప్రధానన్యాయస్థానము స్టాండర్డు ఆయిలు కంపెనీని ముక్కలు చేయవలసినదని తీర్పు చెప్పెను. 1914 ఏప్రిలులో కొలరాడోలోని లడ్లోవద్ద, రాక్‌ఫెల్లరు కుటుంబమునకు ముఖ్యభాగముగల బొగ్గుగనుల కంపెనీ పనివారు సమ్మెకట్టగా, వారి గుడారములమీద కాల్పులు జరిగి, గుడారములు తగులబడి స్త్రీలును పిల్లలును చచ్చిరి. ఒక చేత ప్రేగులలోని పురుగును చంపించుచున్నవాని రెండవ చేయి ఏమిచేయుచున్నదో జను లడుగుట సహజమే గదా. దక్షిణదేశపు పత్రికలు ఈ దానమును తమ దేశమునకు అవమానముగా నెంచినవి. జార్జియాలోని బిషప్పు వారెన్ కాండ్లరు దానిని బహిరంగముగా ఖండించెను. రాక్‌ఫెల్లరు చెప్పుల వర్తకమునకు దిగుచున్నాడు, అందుచేతనే వట్టికాళ్లతో నడువరాదని చెప్పించుచున్నాడు అను వదంతియు పుట్టినది.

ఇట్టి శంకల నడుమ ఆ పని నిలిచినదనిన, దానికి కారణము కార్యదర్శి విక్లిఫ్ రోజు. అతడు వైద్యుడు కాడు. టెనెసీ రాష్ట్రమున తత్వశాస్త్రము బోధించిన పండితుడు. తమ సంఘము పేరుతో ఆస్పత్రులు కట్టింపరాదు, తమ పతాకము క్రింద వైద్యులను పంపరాదు అని అతడు నిశ్చయించెను. ప్రతి రాష్ట్రమునందును ఆరోగ్యమండలి యుండెను గాని, పెక్కింటికి పేరు తప్ప ధనము లేదు. రోజు ఆ మండలులవద్దకే పోయి, పారిశుద్ధ్యాధికారిని మీరే నియమింపుడు, జీతము మే మిత్తుము, అతడు మీ యుద్యోగి యనెను. ధనము ప్రక్కనుండి వచ్చును; అధికారము ప్రభుత్వమునదే. పైకి ఇది చిన్న నియమమువలె కనబడును. మా దృష్టిలో ఈ 10 లక్షల డాలర్లలో విలువగల భాగ మిదియే.

1910వ సంవత్సరాంతమున మిసిసిపీలో కౌంటీ డిస్పెన్సరీలు ప్రారంభమైనవి. కౌంటీ యనగా మన తాలూకా వంటిది. ముందుగా కౌంటీ పెద్దలవద్దకు పోయి, మందులకు మీ ఖజానానుండి కొంత సొమ్ము మంజూరు చేయుడని యడిగెడివారు. సొమ్ము కొలదియే, కాని దానికొరకు పెద్దలు సభ చేసి, వాదించి, చేయెత్తి ఒప్పుకొనవలెను. ఒకసారి ప్రజారోగ్యమునకు తమ పన్నుసొమ్ము ఇచ్చినవారు రెండవసారి అడిగినప్పుడు అది తమ పని కాదని చెప్పలేరు. రోజు ఎరిగిన మర్మ మిది.

డిస్పెన్సరీ దినమున పల్లెలనుండి బండ్లు కట్టుకొని, అన్నపుబుట్టలు పెట్టుకొని, పిల్లాపాపలతో జనులు వచ్చెడివారు. చెట్లక్రింద, న్యాయస్థానపు ముంగిట, చర్చివద్ద బల్లలు వేసి సూక్ష్మదర్శినులు పెట్టెడివారు. తన మలమందలి గ్రుడ్లను తానే అద్దములో చూచిన రైతునకు ఉపన్యాస మక్కరలేదు. సీసాలలో పురుగులను ఉంచి చూపెడివారు. మొన్నటివారము మందు తినినవాడు ఈ వారము వచ్చి తన బలమును గూర్చి చెప్పెడివాడు. పాటలు, ప్రసంగములు, భోజనములు అన్నియు జరిగెడివి. మన తిరునాళ్లను చూచినవారికి ఆ సందడి వేరుగ వర్ణింపనక్కరలేదు. నల్లవారికిని మందిచ్చిరి, కాని వారి భాగము వారి యవసరమునకు సమానముగా నుండలేదు. ఆ దేశమున ఆ కాలమున ఏ యుపకారమును వర్ణభేదమును దాటి పోలేదు.

ఆ బల్లలమీద ఇచ్చిన మందు మన యింటిదే యనిన చదువరు లాశ్చర్యపడుదురు. దానిపేరు థైమాలు. మనము వాముపువ్వు అనునది అదియే. ప్రథమ ప్రపంచసంగ్రామమునకు పూర్వము మన దేశపు వామును ఓడలలో జర్మనీకి పంపగా, అక్కడి కర్మాగారములలో దానిని వట్టించి, పలుకులుగా ఘనీభవించిన థైమాలును లోకమున కంతటికిని అమ్మెడివారు. మిసిసిపీలోని పత్తిరైతు అరచేతిలో పడిన బిళ్లకు మూలము మన పొలములలోని గింజ! యుద్ధము వచ్చి జర్మనీ సరకు ఆగిపోయినప్పుడుగాని, వాము పండించు దేశమునందే థైమాలు చేయవచ్చునను బుద్ధి మన పాలకులకు పుట్టలేదు. ఈ మాట విని వంటింటి వాముడబ్బాతో వైద్యమునకు దిగవలదని గృహిణులను ప్రార్థించుచున్నాము. ఆ చికిత్స కఠినమైనది. ముందురాత్రి భేదియుప్పు, ఉదయమున ఉపవాసముతో రెండు మోతాదుల థైమాలు, మరల భేదియుప్పు. నూనెగాని, నేయిగాని, సారాయముగాని ఆ దినమున తాకినయెడల మందు రక్తములోనికి ప్రవేశించి విషమగును. నేడు ఆల్బెండజోలు అను ఒక్క మాత్రతో జరుగు పనికి ఆ దినములలో ఇంత తంతు గలదు.

11 రాష్ట్రములలో పని జరిగెను. పరీక్షింపబడిన పల్లెపిల్లలలో నూటికి సుమారు 40 మందికి పురుగున్నట్లు తేలెను. 5 సంవత్సరములలో దాదాపు 7 లక్షల జనులకు మందు ముట్టెను. 1914వ సంవత్సరాంతమున సంఘము తన తలుపులు తానే మూసికొనెను. 10 లక్షలలో ఖర్చయినది సుమారు 8 లక్షలు మాత్రమే.

అయితే పురుగు చచ్చెనా? చావలేదు. సంఘపువారు పల్లెలలోని యిండ్లను తనిఖీ చేయగా, సుమారు సగమునకు ఏవిధమైన మరుగుదొడ్డియు లేదు. మందు మ్రింగి పురుగును పోగొట్టుకొన్నవాడు మరల ఆ పెరటిలోనికే వట్టికాళ్లతో పోయెను. మొదటినుండియు స్టైల్సు మరుగుదొడ్డి, మరుగుదొడ్డి యని మొరపెట్టుచునే యుండెను. కాని మరుగుదొడ్డి ముంగిట పాటలు పాడువారు లేరు. దానికి బండ్లు కట్టుకొని వచ్చువారును లేరు. మందిచ్చుట యొక దినముపని, కంటికి కనబడును, లెక్కకు వచ్చును. దొడ్డి కట్టించుట యేండ్లపని. అద్దెపొలములో, అద్దెగుడిసెలో ఉండు కౌలురైతు దానిని ఎవరి సొమ్ముతో కట్టును? భూస్వామి నడుగవలెను. దాత పంపిన వైద్యుడు ఆ ప్రశ్నవరకు వచ్చి ఆగిపోయెను. పురుగు ప్రేగులో నున్నంతసేపు అది వైద్యవిషయము. నేలమీదికి వచ్చినతోడనే అది పొలము ఎవరిది యను విషయ మగుచున్నది.

కాబట్టి నిర్మూలన మను పేరు వట్టిది. ఇతరములైన ఫలము లున్నవి. ఆ రాష్ట్రములు ఆరోగ్యమునకు ఏటేట మంజూరు చేయు సొమ్ము ఆ అయిదేండ్లలో బాగుగ పెరిగెను. జీతము పుచ్చుకొని, వేరువైద్యము చేయక, ప్రజారోగ్యమే పనిగాగల అధికారులను నియమించుకొనుట కౌంటీలు నేర్చుకొన్నవి. రాక్‌ఫెల్లరు ధనము ఆ నియామకములకు మొదట కొంత తోడ్పడి, ఏటేట తన భాగము తగ్గించుకొని, తుదకు తప్పుకొనెడిది. పురుగుకొరకు వచ్చిన అధికారి టైఫాయిడునకు, మలేరియాకు, మసూచికి, ప్రసూతులకు పనికివచ్చెను. హాయ్ట్ బ్లీక్లీ యను ఆర్థికశాస్త్రజ్ఞుడు పాత జనాభా లెక్కలను పరిశీలించి, రోగ మెక్కువగా నుండిన ప్రాంతముల పిల్లలకు ఆ యుద్యమము తరువాత బడిహాజరును అక్షరజ్ఞానమును హెచ్చినవని 2007లో ప్రకటించెను. ఆ లెక్కలను మరల వేసినవారు కొందరు అంత నిశ్చయముగా చెప్పజాలమనిరి. పండితుల తగవు తెగకున్నను, ఆరోగ్యాధికారి కార్యాలయము అచ్చటనే యున్నది.

1913లో న్యూయార్కు రాష్ట్రపు శాసనముతో రాక్‌ఫెల్లరు ఫౌండేషను స్థాపితమయ్యెను. అంతకు ముందు వాషింగ్టనులోని కాంగ్రెసువారిని అడిగి, వారి యనుమానమువలన అనుమతి పొందలేకపోయిరి. ఫౌండేషను వెంటనే కొంకిపురుగు పనిని విదేశములకు విస్తరింపజేసెను. మొదటి దేశము బ్రిటిషు గయానా, 1914. అక్కడి చెరకుతోటలలో పనిచేయుచున్నవారు మన దేశమునుండి ఒప్పందపు కూలీలుగా పోయినవారు. మదరాసు రేవున ఓడ యెక్కినవారిలో తెలుగువారును గలరు. ఈ ధర్మములోని రెండవ ముఖము ఇక్కడ కనబడును. తోటయజమానికి కూలివాని రక్తము పెరిగిన పని పెరుగును, పని పెరిగిన లాభము పెరుగును. కూలికి రక్తము వచ్చెను. కూలి మాత్రము పెరుగలేదు. అందుచేత ఆ వైద్యము చెడ్డదని మే మనము. రోగి కోరినదియు, యజమాని కోరినదియు, దాత కోరినదియు ఒకే పని యైనప్పుడు, ఎవరి కోరిక తీరినదో లెక్క చూడవలె ననుచున్నాము.

సింహళము తరువాత, 1920 ప్రాంతమున ఫౌండేషనువారి అంతర్జాతీయారోగ్యమండలి మదరాసు రాజధానికి వచ్చెను. ఇక్కడ ఆ దారి శూన్యముగా లేదు. కె. యస్. మ్హస్కరు అను భారతీయ వైద్యుడు మదరాసులో ఈ రోగమును గూర్చి సవిస్తరముగా పరిశోధించి నివేదిక వ్రాసి యుండెను. వచ్చినవారు ఇక్కడను సూక్ష్మదర్శినులను పెట్టిరి, మందు లిచ్చిరి, మరుగుదొడ్లను గూర్చి ప్రచారము చేసిరి. కాని అమెరికా కౌంటీలో చేయెత్తి సొమ్ము మంజూరు చేసిన పెద్దలవంటివారు ఇక్కడ నెవరు? ఖజానా పరాయివారిది, పన్ను మనది, మంజూరు చేయు చేయి మనది కాదు. జిల్లాబోర్డుల కున్న యధికారము స్వల్పము, ధన మంతకంటె స్వల్పము. రోజు ఎరిగిన మర్మము ప్రజలు తమ్ము తాము పాలించుకొను చోటనే ఫలించును. మదరాసులో ప్రజలచే నెన్నుకోబడిన మంత్రివర్గము కూర్చున్న తరువాతగాని, 1939లో, మదరాసు ప్రజారోగ్యశాసనము పుట్టలేదు. మన దేశమున అట్టి సమగ్రమైన శాసనములలో అది మొదటిది.

ఆ ధనముతో ఇక్కడ నిలిచినవానిలో ముఖ్యమైనది కలకత్తాలోని అఖిలభారత ప్రజారోగ్యసంస్థ. భవనమునకును పరికరములకును ఫౌండేషను సొమ్మిచ్చెను. నడుపు ఖర్చు భారతప్రభుత్వము వహించెను. 1932 డిసెంబరు 30వ తేదీన అది తెరువబడెను. నేటికిని ఆరోగ్యాధికారులను తయారుచేయుచున్నది. పురుగు మాటకు వచ్చినచో, 2015 మొదలు మన ప్రభుత్వము నులిపురుగుల నిర్మూలనదిన మను పేరుతో బడులలోను అంగన్‌వాడీలలోను పిల్లలకు ఆల్బెండజోలు మాత్రలు మ్రింగించుచున్నది. నూరేండ్ల తరువాత మందు మారినది. సంవత్సర సంవత్సరము మరల మ్రింగవలసిన యవసరము మారలేదు.

అమెరికాలోని ఆ 11 రాష్ట్రములలో ఆలబామా యొకటి. అక్కడి లౌండ్సు కౌంటీలో బీదలైన నల్లవారి యిండ్లు పెక్కింటికి ప్రభుత్వపు మురుగుకాలువ లేదు. బంకనేల నీటిని పీల్చదు. ఇంటి మురుగు గొట్టముగుండ పెరటిలోనికి పోవును. 2017లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, పరీక్షింపబడిన 55 మందిలో 19 మందికి కొంకిపురుగు జాడ కనబడెను. ఆ ప్రాంతమున తరువాత పిల్లలను పెద్దసంఖ్యలో పరీక్షించినవారికి పురుగు కనబడలేదు. మురుగును గూర్చి మాత్రము ఎవరికిని సందేహము లేకపోయెను. 2023 మే మాసమున కేంద్రప్రభుత్వమును ఆలబామా ఆరోగ్యశాఖయు ఆ యిండ్ల మురుగునకు ఏర్పాటు చేయుటకై ఒడంబడిక చేసికొన్నవి. 2025 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము దానిని రద్దుచేసెను.